ఓవెన్ కొనేముందు గోడలో వైరు చూడండి

కొత్తగా ఓవెన్ కొనేవాళ్ళు నాకు ఫోన్ చేసి అడిగేవి దాదాపు ఒకే ప్రశ్నలు. ఎన్ని లీటర్లది తీసుకోవాలి, ఓటీజీ (కాయిళ్ళతో వేడిచేసే మామూలు ఓవెన్) మంచిదా కన్వెక్షన్ మైక్రోవేవా, ఏ కంపెనీకి మన శ్రీకాకుళంలో సర్వీసు ఉంది. దాన్ని ఏ ప్లగ్గులో పెట్టాలి, ఆ ప్లగ్గు వెనక ఏ వైరుంది, ఆ వైరు ఎక్కణ్ణించి వస్తోంది అని అడిగేవాళ్ళు అరుదు. నేను ఎలక్ట్రికల్ డిప్లొమా చదివి, విజయనగరం జిల్లాలో ఒక జ్యూట్ మిల్లులో మెయింటెనెన్స్ చూస్తుంటాను కాబట్టి చుట్టాలూ స్నేహితులూ నన్ను అడుగుతారు. వాళ్ళు అడగనిదాని గురించి చెప్పాలనే ఇది రాస్తున్నాను. నేను చెప్పేది ఒక్కటే. ఓవెన్‌కి మెయిన్ బోర్డు దగ్గర్నించి దానికంటూ ఒక లైను ఉండాలి. ఆ లైనుకి తగిన వైరు, వైరుకి తగిన ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనంతట పడిపోయే స్విచ్చు), నిజంగా పనిచేసే ఎర్తు, మనిషిని కాపాడే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే కట్ చేసే స్విచ్చు) ఉండాలి. ఇవి లేని ఇంట్లోకి ఓవెన్ తేవద్దు. లైను ముందు, ఓవెన్ తర్వాత.

"మిక్సీ నడుస్తోంది, ఐరన్ బాక్స్ నడుస్తోంది, గీజర్ నడుస్తోంది. ఓవెన్ ఒక్కటే ఏం పాపం చేసింది?" అని మా బావ అడిగాడు. సరైన ప్రశ్నే. జవాబు వాట్లలో కంటే సమయంలో ఉంది. మిక్సీ 750 వాట్లది అయినా చట్నీకి రెండు మూడు నిమిషాలు తిరుగుతుంది, ఆగుతుంది. ఐరన్ బాక్స్ వేడెక్కి కట్ అవుతుంది. గీజర్ నీళ్ళు కాగితే ఆగిపోతుంది. ఓవెన్ అలా కాదు. ముందు పది పదిహేను నిమిషాలు ఖాళీగా వేడెక్కాలి, తర్వాత కేకుకి ముప్పావుగంట. థర్మోస్టాట్ మధ్యమధ్యలో ఆపినా, తలుపు తీసినప్పుడల్లా మళ్ళీ పూర్తి కరెంటు లాగుతుంది. అదే ఇంట్లో కేకులు చేసి అమ్మేవాళ్ళయితే డిసెంబరు ఆఖర్లో పొద్దున్న పెట్టిన ఓవెన్ రాత్రి దాకా ఆగదు. క్రిస్మస్ ఆర్డర్లు, ఆ వెంటనే 31 రాత్రి కేకులు. వైరు, స్విచ్చు, సాకెట్టు చల్లబడడానికి సందే దొరకదు. కాసేపు మోసే బరువుని రోజంతా మోయాల్సి వస్తే, గోడలో ఎన్నాళ్ళుగానో దాక్కున్న లోపాలన్నీ అప్పుడు బయటపడతాయి.

మా అక్క వాళ్ళది శ్రీకాకుళంలో నాగావళి వైపు పాత వీధిలో స్లాబు ఇల్లు. తొంభైల్లో కట్టింది. అక్క ఇంట్లోనే కేకులు చేస్తుంది, చుట్టుపక్కల పుట్టినరోజులన్నిటికీ ఆమె దగ్గరే ఆర్డరు. ఒక సాయంత్రం వంటింట్లో ఎండుచేపల వాసన వస్తోందంది. వీధిలో ఎవరో కవ్వళ్ళు వేపుతున్నారనుకున్నారు. మా వైపు ఇళ్ళలో అది అనుమానించాల్సిన వాసనే కాదు కదా. మర్నాడు కూడా అదే వాసన. పైగా ఓవెన్ వేసినప్పుడే వస్తోంది. ఫోన్‌లో ఆ ముక్క వినగానే ఓవెన్ ఆపేసి మెయిన్ దించెయ్యమన్నాను. సాకెట్లు, స్విచ్చులు చేసే ప్లాస్టిక్కుల్లో కొన్ని మాడడం మొదలుపెడితే అచ్చం చేపల వాసనే వస్తుంది. ఈ సంగతి ప్రతి ఇంటికీ తెలియాలి. చేపలు వండని రోజు వంటింట్లో చేపల వాసన వస్తే ముందు చూడాల్సింది స్విచ్ బోర్డు.

వెళ్ళి మెయిన్ ఆగి ఉందో లేదో టెస్టర్‌తో చూసుకుని ప్లేటు విప్పాను. బయటికి తెల్లగా, కొత్తగా మెరుస్తున్న 16 ఆంప్స్ సాకెట్టు. లోపల ఫేజు స్క్రూ చుట్టూ ప్లాస్టిక్కు బెల్లం పాకం రంగుకి తిరిగి, బుడగలు పొంగి గట్టిపడి ఉంది. వైరు మీది ఎర్ర తొడుగు అంగుళం మేర నల్లబడి, వేలు తగిలితే పెళుసుగా రాలిపోయింది. స్క్రూని కదిపితే వేళ్ళతోనే తిరిగింది, అంత వదులు. ఆ వైరు ఒక ఎంఎం వైరు (తీగ అడ్డకోత ఒక చదరపు మిల్లీమీటరు), లైట్లకి వాడేది. ఓవెన్ వచ్చినప్పుడు పెద్ద ప్లగ్గు పట్టడానికని పాత 5 ఆంప్స్ సాకెట్టు తీసి 16ది బిగించారు. సాకెట్టు మారింది, వెనక వైరు మాత్రం పాతదే. అదే వైరు మీద ఫ్రిజ్జు, నీళ్ళ ఫిల్టరు, మిక్సీ పాయింటు, ఒక ట్యూబ్‌లైటు.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి. మన ఇళ్ళకి వచ్చేది 230 వోల్టులు. 2000 వాట్ల ఓవెన్ లాగేది ఇంచుమించు 8.7 ఆంపియర్లు. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగు రెట్లు. వదులైన స్క్రూ దగ్గర అర ఓం అడ్డంకి ఉందనుకోండి, అంత కరెంటుకి ఆ ఒక్క చోట పుట్టే వేడి దాదాపు 38 వాట్లు. రేడియోలూ మొబైళ్ళూ బాగుచేసే షాపులో సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ మామూలుగా 25 వాట్లది. దానికంటే ఎక్కువ వేడి, గాలాడని ప్లాస్టిక్ డబ్బాలో, గంటల తరబడి! ఇక వైరు సంగతి. ఒక ఎంఎం రాగి వైరుకి కిలోమీటరుకి సుమారు 18 ఓంల అడ్డంకి. బోర్డునించి వంటింటికి 15 మీటర్లు అనుకుంటే పోనూ రానూ 30 మీటర్లు, అంటే అర ఓం పైచిలుకు. మరో 40 వాట్లు గోడలో, పైపు లోపల వృథాగా కాగుతూ ఉంటుంది. అదే నాలుగు ఎంఎం వైరైతే ఆ వేడి పది వాట్లకి దిగుతుంది, అదీ లావుపాటి వైరు పొడవునా పరుచుకుని. మామూలు పీవీసీ తొడుగు 70 డిగ్రీలకి మించి తట్టుకోదు. మే నెలలో పడమటి గోడ ముందే ఎలా కాగి ఉంటుందో మనకి తెలుసు.

వైరు ప్యాకెట్టు మీద ఎఫ్ఆర్ అని ఉంటే ఎంత లోడైనా వెయ్యొచ్చని చాలామంది నమ్మకం. ఎఫ్ఆర్ అంటే మంట త్వరగా పాకదని మాత్రమే. కరెంటు ఎక్కువ మోస్తుందని కాదు.

మా అక్క ఇంట్లో అసలు భయపెట్టింది ఆ సాకెట్టు కాదు, మెయిన్ బోర్డు. అందులో వంటింటి లైనుకి 32 ఆంప్స్ ఎంసీబీ ఉంది. ఎందుకు పెట్టారని అడిగితే, "16ది ఊరికే పడిపోతోందిరా తమ్ముడూ, ఓవెనూ మిక్సీ ఒకేసారి వేస్తే చాలు. అందుకని పెద్దది వేశారు. అప్పట్నించి ఏ గొడవా లేదు" అంది. అక్క తప్పేమీ లేదు, ఆమెకి ఎవరూ చెప్పలేదు. వేసిన ఆయన్ని పిలిపించాం. పెద్దాయన, మా నాన్నగారి కాలంనించీ తెలిసినవాడు. "ఏటీ అవ్వదు బాబూ, ఊరంతా ఇలాగే నడుస్తంది. పడిపోతంది పడిపోతంది అని అమ్మ రోజూ ఫోను సేస్తంటే నేనేటి సేసేది?" అన్నాడు. "బాబాయ్, అది పడిపోవడమే దాని పని. వైరు మోయలేకపోతోందని చెప్తోంది, మనం దాని నోరు మూసేశాం" అన్నాను.

ఎంసీబీ ఉన్నది ఓవెన్‌ని కాపాడడానికి కాదు. మనిషిని కాపాడడానికీ కాదు. అది కాపాడేది గోడలో ఉన్న వైరుని. 32 ఆంప్స్ ఎంసీబీ 36 ఆంపియర్లు పోతున్నా పడకుండా ఉండొచ్చు, దాని తయారీ ప్రమాణమే అలా ఉంటుంది. 46 ఆంపియర్ల దగ్గర కూడా పడడానికి గంట దాకా పట్టొచ్చు. పైపులో ఉన్న ఒక ఎంఎం వైరు పట్టుమని పన్నెండు పదమూడు ఆంపియర్లు మొయ్యడమే ఎక్కువ. అంటే ఆ ఎంసీబీకి అసలు ఏమీ జరగనట్టే ఉండగా గోడలో వైరు మాడి మసైపోతుంది. పూర్వం ఫ్యూజు కారియర్లో సన్నతీగ మాటిమాటికీ పోతోందని రెండు మూడు పోగులు మెలిపెట్టి బిగించేవారు. ఇదీ ఆ పనే. ఎంసీబీ పడిపోతోందంటే లైను మీద లోడు తగ్గించాలి, లేదా వైరు మార్చాలి. వైరు మార్చకుండా ఎంసీబీ పెంచమని ఎవరన్నా, ఎంత అనుభవం ఉన్నవాళ్ళన్నా, ఒప్పుకోవద్దు.

అక్క ఇంటికి ఏం చేశామో చెప్తాను. ఇలాంటి ఇళ్ళకి ఇది పనికొస్తుంది. మెయిన్ బోర్డునించి వంటింటికి మూడు వైర్లు కొత్తగా లాగించాం. ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్తు, మూడూ రాగివే. ఓవెన్ 2000 వాట్లదే కాబట్టి రెండున్నర ఎంఎం సరిపోతుందని పెద్దాయన అన్నాడు. లెక్క ప్రకారం సరిపోతుంది కూడా. కానీ రోజంతా నడిచే ఓవెన్, కాగే గోడ, రేపు ఇంకా పెద్ద ఓవెన్ కొనాలన్న అక్క కోరిక, ఇవన్నీ చూసుకుని నాలుగు ఎంఎం వేయించాను. దారిలో ఎక్కడా అతుకు లేదు. ఆ లైను మీద ఇంకే పాయింటూ లేదు. దానికి విడిగా 16 ఆంప్స్ ఎంసీబీ, ఫేజూ న్యూట్రలూ రెంటినీ తెంపే డబుల్ పోల్‌ది. సాకెట్టు ఓవెన్ వెనక కాకుండా పక్కకి, సింకుకి దూరంగా పెట్టించాం. లోపల ఏదైనా అంటుకుంటే మంట మీదుగా చెయ్యి పెట్టి స్విచ్చు వెతుక్కునే గతి పట్టకూడదు. గోడకొట్టడం ఇష్టం లేక పైనుంచే కేసింగ్ వేశాం. చూడ్డానికి అంత అందంగా ఉండదు, నిజమే. మా మేనకోడలికి నచ్చలేదు కూడా.

గోడలో బిగించే బిల్ట్-ఇన్ ఓవెన్లు ఇప్పుడు విజయనగరంలో కొత్త అపార్ట్‌మెంట్లలో కూడా కనిపిస్తున్నాయి. వాటిలో కొన్ని 3000 వాట్లు దాటుతాయి, అంటే 13 ఆంపియర్ల పైమాట. 3600 వాట్లయితే 16 ఆంప్స్ సాకెట్టు చివరి అంచున నిలబడ్డట్టే. వీటికి ప్లగ్గు కంటే, కంపెనీ పుస్తకంలో చెప్పిన సైజు వైరూ ఎంసీబీతో నేరుగా కలిపి, పక్క అలమరలో చేతికందే చోట ఐసొలేటర్ స్విచ్చు పెట్టడం మంచిది. ఆ పుస్తకాన్ని అట్టపెట్టెతో పాటు పాతసామాన్లవాడికి ఇచ్చెయ్యకండి.

ఎక్స్‌టెన్షన్ బాక్సూ, లావు పిన్నుల ప్లగ్గుని చిన్న సాకెట్లో దూర్చే కన్వర్టర్ ముక్కా ఓవెన్ దగ్గర కనిపించకూడదు. ఇంతకంటే దీని గురించి చెప్పక్కర్లేదు.

ఎర్తు గురించి మాత్రం ఎంత చెప్పినా తక్కువే. ఓవెన్ ఒళ్ళంతా ఇనుము. లోపల కాయిలు తెగి ఒంటికి తగిలినా, వెనక వైరు తొడుగు వేడికి కరిగినా ఆ ఇనుముకంతా కరెంటు వస్తుంది. మన ఆడవాళ్ళు వంటింట్లో వట్టికాళ్ళతో నిలబడతారు, నేల అప్పుడే తడిబట్టతో తుడిచి ఉంటుంది. మూడు పిన్నుల ప్లగ్గులో పైన ఉండే లావుపాటి పొడుగు పిన్ను అందుకే. ప్లగ్గు పెట్టేటప్పుడు అన్నిటికంటే ముందు అది తగలాలి, తీసేటప్పుడు అన్నిటికంటే ఆఖర్న ఊడాలి. మరి ఆ పిన్ను వెళ్ళి తగిలే కన్నం వెనక ఏముంది? మన ఊళ్ళలో పాత ఇళ్ళ బోర్డులు విప్పితే మూడు రకాలు కనిపిస్తాయి. కొన్నింట్లో ఆకుపచ్చ వైరు ఉంటుంది, అది నిజంగా పెరట్లో ఎర్తు కోసం తవ్విన గోతి దాకా వెళ్తుంది. కొన్నింట్లో ఆ కన్నం వెనక ఏమీ ఉండదు. మూడో రకం అన్నిటికంటే ప్రమాదం. న్యూట్రల్‌నించి చిన్న ముక్క తీసి ఎర్తు స్క్రూకి లూపు కొట్టేసి ఉంటుంది. టెస్ట్ ల్యాంపు పెడితే దీపం వెలుగుతుంది, ఎర్తు ఉందని ఇంటివాళ్ళు నిశ్చింతగా ఉంటారు. ఆ ఇంటికొచ్చే న్యూట్రల్ ఎక్కడో తెగిన రోజున, ఇంట్లో వేసి ఉన్న ఏ దీపంలోంచో ఫ్యానులోంచో తిరిగొచ్చిన కరెంటు ఆ లూపు ద్వారా ఓవెన్ ఒంటికి వచ్చి కూర్చుంటుంది. ఓవెన్‌లో ఏ లోపమూ లేకుండానే, అది ఆపి ఉండగానే, ముట్టుకుంటే షాకు.

న్యూట్రల్ తెగడం ఎప్పుడోగాని జరగదు అనుకోవడానికి మనం తుఫాన్లు రాని ఊళ్ళో లేము. 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ. తిత్లీకి ఉద్దానంలో కొబ్బరిచెట్లతో పాటు స్తంభాలు ఎలా పడిపోయాయో చూసినవాళ్ళం. పెద్ద తుఫానుల సంగతి అటుంచి, మామూలు ఈదురుగాలికి కొమ్మ పడినా సర్వీసు వైరు తెగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ వైపు న్యూట్రల్ పోతే మరో గండం. ఇళ్ళకి 230 రావాల్సింది పక్క ఫేజు లోడుని బట్టి 300, ఒక్కోసారి అంతకుమించి వస్తుంది. 300 వోల్టుల దగ్గర ఓవెన్ కాయిల్ పుట్టించే వేడి మామూలుకంటే 70 శాతం ఎక్కువ. గాలివాన తర్వాత కరెంటు వచ్చీ రాగానే దీపాలు మరీ తెల్లగా వెలుగుతున్నా, ఫ్యాన్లు మరీ జోరుగా తిరుగుతున్నా మెయిన్ దించెయ్యండి. లైన్ సరిచేసేవాళ్ళు వచ్చి చూసేదాకా ఓవెన్ జోలికి పోవద్దు.

ఎర్తు గోతికీ కొంచెం సేవ చెయ్యాలి. బొగ్గూ ఉప్పూ వేసి పూడ్చిన గొయ్యి ఎండాకాలంలో పొడిబారితే ఎర్తు పేరుకే మిగులుతుంది. సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు ఇసుకనేలల్లో ఇంకా త్వరగా ఆరిపోతుంది. వారానికోసారి రెండు బిందెల నీళ్ళు పోసే అలవాటు మా తాతగారింట్లో ఉండేది, అది చాలా మంచి అలవాటు. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో గోతి దగ్గరి బోల్టు తుప్పు పట్టి, తీగ ఊడి, పైన మూత మాత్రం చక్కగా ఉంటుంది. మూత తీసి చూడాలి. ఎర్తు టెస్టర్ ఉన్న ఎలక్ట్రీషియన్ చేత అది ఎన్ని ఓంలుందో కొలిపించాలి.

ఇంతా చేసి ఎర్తు బాగుందంటే చాలా? చాలదు. గొయ్యి 20 ఓంలు ఉందనుకోండి, మన ఇళ్ళలో ఇది వింత కాదు. ఫేజు నేరుగా ఓవెన్ ఒంటికి తగిలితే 230ని 20తో భాగించండి, 11.5 ఆంపియర్లు. 16 ఆంప్స్ ఎంసీబీకి అది మామూలు లోడే. పడదు. ఓవెన్ ఒంటిమీద కరెంటు అలాగే ఉంటుంది. గొయ్యి చాలా బాగుండి 5 ఓంలే ఉన్నా 46 ఆంపియర్లు. బి రకం 16 ఆంప్స్ ఎంసీబీ అప్పటికప్పుడు పడాలంటే కనీసం 48 కావాలి, సి రకందైతే 80. తక్కువైతే సెకన్ల కొద్దీ ఆలస్యం. మనిషి ప్రాణానికి అన్ని సెకన్లు లేవు. ఆ పని చేసేది ఆర్‌సీసీబీ. ఫేజులో వెళ్ళిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రాకుండా 30 మిల్లీ ఆంపియర్లు పక్కదారి పట్టినా, రెప్పపాటులో కట్ చేస్తుంది. దానికి ఓవర్‌లోడు సంగతి తెలియదు, కాబట్టి ఎంసీబీ కూడా ఉండాల్సిందే. ఒకటి వైరుకి, ఒకటి మనిషికి. శుభకార్యాల భోజనాల ఖర్చులో కొసరుపాటి చెయ్యని ఈ పరికరం దగ్గర మనం ఎందుకు బేరం ఆడతామో నాకు అర్థం కాదు.

ఆర్‌సీసీబీ పెట్టించిన కొత్తలో, వానాకాలంలో అక్క మళ్ళీ ఫోన్ చేసింది. కొన్నాళ్ళు వాడకుండా ఉంచి ఓవెన్ వేస్తే వేసిన కాసేపటికి మొత్తం ఇల్లంతా కరెంటు పోతోంది. ఇది మన తీరప్రాంతంలో చాలా ఇళ్ళలో జరిగేదే. ఓవెన్ కాయిల్ అంటే పైన లోహపు గొట్టం, లోపల తీగ, రెంటి మధ్యా మెగ్నీషియం ఆక్సైడ్ పొడి. ఆ పొడి గాలిలో తేమని పీల్చుకుంటుంది. గొట్టం చివర సీలు పాతబడితే వర్షాల్లో తడి చేరి, కొద్దికొద్దిగా కరెంటు గొట్టానికి లీకవుతుంది. ఆర్‌సీసీబీ దాన్ని పట్టుకుంటుంది. ఇక్కడే మళ్ళీ పాత సలహా వస్తుంది: "దాన్ని బైపాస్ సేసెయ్యండమ్మా, ఓవెను బాగానే ఉంది." చెయ్యకూడదు. ఓవెన్‌ని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళి కాయిల్‌ని మెగ్గర్‌తో (లీకేజీ ఉందో లేదో కొలిచే మీటరుతో) చూపించాం. తడే అని తేలింది. ఆరబెట్టాక మామూలుగా నడిచింది. ఆరినా రీడింగ్ రాకపోతే కాయిల్ మార్చడమే. ఓవెన్ ఆపి ఉన్నా ఆర్‌సీసీబీ పడుతుంటే ఓవెన్‌ని తిట్టకుండా వైరింగు చూడాలి. పాత ఇళ్ళలో ఒక గది న్యూట్రల్‌ని ఇంకో గది లైనుకి కలిపేసి ఉంటారు. అది ఆర్‌సీసీబీకి లీకేజీ లాగే కనిపిస్తుంది.

సాయంత్రం పూట పల్లెల్లో ఓల్టేజీ 180కి దిగిపోతే కేకు ఉడకదని, ఓవెన్ నాసిరకందని ఫిర్యాదు చేస్తారు. వేడి ఓల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. 180 దగ్గర 2000 వాట్ల ఓవెన్ ఇచ్చేది 1225 వాట్లే, అంటే 61 శాతం. కేకు ఎలా పొంగుతుంది? ఓటీజీకి స్టెబిలైజర్ కొనే బదులు ఓల్టేజీ ఉన్న వేళ చూసుకుని వండుకోవడం మేలు. సన్నవైరు దారిలో తినేసే నాలుగైదు వోల్టులు కూడా ఇందులో కలుస్తాయని గుర్తుంచుకోండి. ఇన్వర్టర్ లైను మీద మాత్రం ఓవెన్ పాయింటు ఉండకూడదు. మన ఇళ్ళలో వాడే ఇన్వర్టర్లు దాన్ని మొయ్యలేవు.

అద్దెఇంట్లో ఉన్నవాళ్ళ ఇబ్బంది నాకు తెలుసు. ఓనరు గోడ ముట్టుకోనివ్వడు, ముట్టుకున్నా ఖర్చు మనదే. విజయనగరం కంటోన్మెంట్‌లో అద్దెకుంటున్న మా స్నేహితుడి భార్యకి ఇదే సమస్య వచ్చింది. గోడ కొట్టకుండా కేసింగ్‌లో లైను వేసుకుంటామని, ఖాళీ చేసేటప్పుడు అది ఇంటికే వదిలేస్తామని ఓనరుగారికి చెప్పించాను. ఆయన ఒప్పుకున్నారు. అడిగి చూడాలి. అడగడానికి మొహమాటపడి కన్వర్టర్ ముక్కతో కాలక్షేపం చెయ్యకూడదు.

ఎలక్ట్రీషియన్లని మాత్రమే అనడం న్యాయం కాదు. వాళ్ళలో చాలామంది పని చేస్తూ నేర్చుకున్నవాళ్ళు. పాయింటుకి ఇంత అని బేరం కుదుర్చుకుని, అందులోనూ తగ్గించమని మనమే అడుగుతాం. షాపుకి వెళ్ళి "రెండున్నర ఎందుకు, ఒకటిన్నర చాలదా" అనేదీ మనమే. వైరింగు పని లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు చేతే చేయించాలని నిబంధనలున్నాయి. ఇంట్లో ఒక్క లైనుకి అదెందుకులే అనుకుంటాం. లైనుకి పైసలు పెట్టి, చేసినాయన దగ్గర ఏ వైరు వేశాడో, ఎన్ని ఆంప్స్ ఎంసీబీ పెట్టాడో కాగితం మీద రాయించుకుని, ఆ కాగితం బోర్డు తలుపు లోపల అంటించండి. తర్వాత వచ్చేవాడికి అదే ఆధారం. కరెంటు బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడ్ అని అంకె ఉంటుంది, అదీ చూడండి. ఒక కిలోవాటుకి రాయించుకున్న ఇంట్లో రెండు కిలోవాట్ల ఓవెన్ పెడితే, పెంచమని దరఖాస్తు చేసుకోవాల్సింది మనమే. స్తంభంనించి మీటరు దాకా వచ్చే సర్వీసు వైరు కూడా ఆ లోడుకి తగ్గట్టే ఉండాలి.

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇంకొకటి. ఇల్లు కట్టేటప్పుడు ఎన్ని పాయింట్లు, ఎక్కడెక్కడ అని నిర్ణయించేది మగవాళ్ళు. హాల్లో టీవీ దగ్గర అరడజను ప్లగ్గులు, బయట చెట్టుకి సీరియల్ లైట్ల పాయింటు కూడా గుర్తుంటుంది. వంటిల్లంటే ఒక దీపం, ఒక ఎగ్జాస్టు, మిక్సీకి ఒక ప్లగ్గు. ఇవాళ ఇంటి మొత్తంలో ఎక్కువ కరెంటు లాగే గది వంటిల్లే. 2000 వాట్ల ఓవెన్, 1500 వాట్ల కెటిల్, 750 వాట్ల మిక్సీ కలిపితేనే 18 ఆంపియర్లు దాటింది. ఆ గదిలో గంటలకొద్దీ నిలబడే మనిషిని పిలిచి "నీకిక్కడ ఏమేం కావాలి?" అని ఎందుకు అడగరు? అక్క సంపాదన ఆ ఓవెన్ మీద ఉంది. దుకాణంలో మిషను పెట్టుకున్నవాడు లైను గురించి ఎంత జాగ్రత్త పడతాడో, ఇంట్లో కేకుల ఓవెన్‌కీ అంత జాగ్రత్తే కావాలి. "ఎంతసేపు వేస్తావ్, ఆపెయ్" అని కసిరితే సరిపోదు.

లైను వేశాక మొదటిరోజు ఒక పరీక్ష చెయ్యండి. ఓవెన్‌ని పూర్తి వేడి మీద అరగంట నడిపి, స్విచ్చు ఆపి, ప్లగ్గు తీసి, పిన్నుల్ని వేలి వెనకవైపుతో తాకీ తాకనట్టు చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చుర్రుమంటే ఆ సాకెట్టు పట్టు బాగాలేదు, లేదా వెనక స్క్రూ వదులు. మర్నాటికి వాయిదా వెయ్యకుండా విప్పించండి. సాకెట్టుకి ఎదురుగా నిలబడితే కుడిచేతి కన్నంలోనే టెస్టర్ వెలగాలి. ఎడమ కన్నంలో వెలిగితే ఫేజూ న్యూట్రలూ తిరగబడ్డాయి, అప్పుడు స్విచ్చు ఆపినా కాయిల్‌కి కరెంటు ఉంటుంది. ఓవెన్ వైరుకి కొత్త ప్లగ్గు మార్చేటప్పుడు గోధుమరంగు ఫేజు, నీలం న్యూట్రల్, ఆకుపచ్చా పసుపూ చారలది ఎర్తు. మూడు ఫేజుల ఇళ్ళలో గోడవైరు నీలం ఫేజు అవుతుంది, ఓవెన్ తాడులో నీలం న్యూట్రల్. ఈ రెండూ కలగలిపినవాళ్ళని చూశాను. ఆర్‌సీసీబీ మీద టి అని రాసి ఉన్న బొత్తాన్ని నెలకోసారి నొక్కి, పడుతోందో లేదో చూడండి.

ఇక ఇప్పుడు ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళకి. రాజాం, బొబ్బిలి, నరసన్నపేట, ఎక్కడ చూసినా కొత్త ఇళ్ళు లేస్తున్నాయి. స్లాబు పోసేముందు పైపులు పరిచే రోజున వంటింటికి లైట్ల పైపు కాకుండా విడిగా ఒక 25 ఎంఎం పైపు మెయిన్ బోర్డునించి వేయించండి. ఇవాళ ఓవెన్ కొనే ఆలోచన లేకపోయినా సరే. వైరు ఎప్పుడైనా లాగొచ్చు, పోసిన స్లాబులోకి పైపు దూర్చలేం. ఆ పైపు రెండో కొస వంటగట్టు మీద ఎక్కడ తేలాలో మేస్త్రీని అడక్కండి, వంట చేసే ఆవిడ్ని అడిగి సుద్దముక్కతో గుర్తు పెట్టించండి.